ఫేస్ అటెండెన్స్ నుంచి అపార్ దాకా: టెక్నాలజీ పాలసీని పిల్లలకు చార్ట్ పేపర్ మీద నేర్పొచ్చా?

గుంటూరు నుంచి సికింద్రాబాద్ వైపు వెళ్లే దారిలో మాచర్ల లైన్ చీలేది నడికుడి జంక్షన్‌లోనే. ఏ బండిని ముందు వదలాలి, ఏ బండిని లూప్ లైన్‌లో నిలబెట్టాలి అన్నది ఎవరో ఎక్కడో నిర్ణయిస్తారు. ప్లాట్‌ఫామ్ మీద సంచి పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ నిర్ణయం కనిపించదు. ఆలస్యం ఒక్కటే కనిపిస్తుంది.

బడుల్లోకి వచ్చిన టెక్నాలజీ పరిస్థితి కూడా దాదాపు ఇంతే. హాజరు యాప్‌లో పడుతుంది. మధ్యాహ్న భోజనం లెక్క యాప్‌లోకి ఎక్కుతుంది. విద్యార్థికి 12 అంకెల అపార్ నంబర్ వస్తుంది. హాల్ టికెట్ అమ్మ ఫోన్‌లో వాట్సాప్‌కు వస్తుంది. వీటిని ఎలా వాడాలో పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, వాళ్లే పెద్దవాళ్లకు నేర్పుతున్నారు. కానీ ఇవి ఇలాగే ఎందుకు ఉన్నాయి, ఇలా ఉండాలని ఎవరు నిర్ణయించారు, పని చేయకపోతే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలకు మాత్రం పాఠ్యపుస్తకంలో చోటు లేదు.

ఆ ప్రశ్నలను పిల్లల ముందు పెట్టడానికి కొన్ని దేశాల్లో ఒక పద్ధతి వాడుతున్నారు. ఉపన్యాసం ఉండదు. ‘ఈ సేవను నువ్వే తయారు చేయి చూద్దాం’ అంటారు. దాన్నే డిజైన్ యాక్టివిటీ అంటున్నారు. అది ఎలా ఉంటుంది, మన బడుల్లో కుదురుతుందా, కుదిరితే మనకేంటి లాభం? చూద్దాం.

అసలు టెక్నాలజీ పాలసీ అంటే ఏంటి?

పేరు బరువుగా ఉంది కానీ విషయం రేషన్ షాపు దగ్గర రోజూ కనిపించేదే.

రేషన్ డీలర్ చేతిలో ఈపోస్ యంత్రం ఉంటుంది. వేలు పెడితే పేరు వస్తుంది, బియ్యం ఇస్తారు. యంత్రం టెక్నాలజీ. వేలిముద్ర పడకపోతే ఏం చేయాలి అన్నది పాలసీ. కనుపాప చూపించొచ్చా? ఇంట్లో ఇంకొకరు వెళ్లొచ్చా? నెట్‌వర్క్ లేకపోతే రిజిస్టర్‌లో రాసి ఇవ్వొచ్చా? లేక ‘రేపు రండి’ అనాలా? యంత్రం ఈ నాలుగింటిలో దేనికైనా ఒప్పుకుంటుంది. ఏది ఎంచుకోవాలో మనుషులు రాసిన నిబంధన చెబుతుంది.

పిడుగురాళ్ల, దాచేపల్లి ప్రాంతంలో ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. సున్నం బట్టీల్లో, రాతి క్వారీల్లో పని చేసేవాళ్ల చేతుల మీద రేఖలు అరిగిపోతాయి. వేలిముద్ర పడని మనిషికి బియ్యం ఆపకూడదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది. ఆ సంగతి క్యూలో నిలబడ్డవాళ్లలో ఎంతమందికి తెలుసు? తొమ్మిదో తరగతి చదివే మనవరాలికి తెలిస్తే, తాతతో కలిసి వెళ్లినప్పుడు ఒక్క మాట అడగగలదు. ఈ పాఠంతో ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లకు మొదటి జవాబు అదే.

గోంగూర పచ్చడితో మొదలు

2019లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో బ్లేక్లీ పేన్ అనే పరిశోధకురాలు మిడిల్ స్కూల్ పిల్లల కోసం ఏఐ నైతికత మీద ఒక పాఠ్యప్రణాళిక తయారు చేశారు. ఎవరైనా వాడుకోవడానికి వీలుగా దాన్ని ఉచితంగా బయటపెట్టారు. అందులో ఒక పాఠం బ్రెడ్డుతో మొదలవుతుంది. వేరుశనగ వెన్న, జామ్ రాసిన శాండ్‌విచ్‌ను ‘అన్నిటికన్నా బాగా’ ఎలా చేయాలో పిల్లలు స్టెప్పులుగా రాస్తారు. తర్వాత టీచర్ ఒక ప్రశ్న అడుగుతారు: బాగా అంటే ఏంటి? రుచిగానా? చవగ్గానా? తొందరగానా? ఆరోగ్యానికి మంచిదనా?

మన దగ్గర శాండ్‌విచ్ ఎందుకు, గోంగూర పచ్చడి ఉంది. ‘మంచి గోంగూర పచ్చడి’ రెసిపీ రాయమని నలుగురు పల్నాడు పిల్లలకు చెప్పండి. ఒకరు పచ్చిమిర్చి అంటారు, ఒకరు ఎండుమిర్చి అంటారు. ఇంట్లో నానమ్మకు బీపీ ఉన్న పిల్ల ఉప్పు తగ్గిస్తుంది. నాలుగూ సరైన రెసిపీలే. ఎవరికి మంచిది అన్న ప్రశ్నకు నలుగురూ తమకు తెలియకుండానే నాలుగు రకాల జవాబు ఇచ్చారు.

అక్కడి నుంచి యూట్యూబ్‌కు వెళ్లడం తేలిక. ‘మీకు నచ్చే వీడియో’ అని అది చూపించేది కూడా ఎవరో రాసిన రెసిపీయే. నచ్చడం అంటే ఎక్కువసేపు చూడడం అని వాళ్లు అనుకున్నారు. పేన్ పాఠాల్లో పిల్లలు యూట్యూబ్‌ను కాగితం మీద తిరిగి గీస్తారు. ముందుగా ఒక పట్టిక వేస్తారు. దాని వల్ల ప్రభావితం అయ్యేది ఎవరు? చూసే పిల్లలు, తల్లిదండ్రులు, వీడియోలు చేసేవాళ్లు, ప్రకటనలు ఇచ్చేవాళ్లు, కంపెనీ. వాళ్లలో ఒక్కొక్కరికి ఏం కావాలి? ఎవరికి కావాల్సింది ఎవరికి నష్టం? పట్టిక పూర్తయ్యాక కొత్త స్క్రీన్ గీస్తారు.

ఈ ఆలోచనకు వెనుక ఇంకా పాత వేరు ఉంది. వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన బాట్యా ఫ్రీడ్‌మన్ 1990ల నుంచి ‘విలువలను లెక్కలోకి తీసుకునే డిజైన్’ గురించి పని చేస్తున్నారు. ఒక వస్తువును నేరుగా వాడేవాళ్లతో పాటు, దాన్ని ఎప్పుడూ ముట్టుకోకపోయినా దాని ప్రభావం పడే వాళ్లను కూడా డిజైన్ చేసేవారు లెక్కలోకి తీసుకోవాలని ఆ పద్ధతి చెబుతుంది. ఈపోస్ యంత్రాన్ని వాడేది డీలర్. ప్రభావం పడేది ఇంట్లో అన్నం కోసం చూసే అందరి మీద.

నడికుడి లాంటి చోట ఒక శనివారం

ఇక్కడ ఒక ఊహ చేద్దాం. నడికుడి చుట్టుపక్కల ఏదో ఒక ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి. శనివారం ‘నో బ్యాగ్ డే’. కంప్యూటర్ అక్కర్లేదు. చార్ట్ పేపర్లు, స్కెచ్ పెన్నులు, పాత కార్డులు చాలు.

టీచర్ ఇచ్చే పని: ‘మన బడికి హాజరు వేసే పద్ధతిని మీరే తయారు చేయండి. 20 నిమిషాలు.’

పిల్లలు ఏం గీస్తారో ఊహించడం కష్టం కాదు. గేటు దగ్గర కెమెరా. ముఖం చూడగానే టిక్. రాకపోతే నాన్న ఫోన్‌కు మెసేజ్. ఒక గ్రూపు వేలిముద్ర పెడుతుంది. ఇంకో గ్రూపు మెడలో కార్డు వేస్తుంది. అందరూ సంతోషంగా ఉంటారు, ఎందుకంటే ఇప్పటిదాకా ఎవరి డిజైన్ కూడా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

అప్పుడు టీచర్ కార్డులు పంచుతారు. ఒక్కో కార్డు మీద ఒక మనిషి.

మొదటి కార్డు: ‘నేను ఆదోని వైపు నుంచి అమ్మానాన్నలతో మిర్చి కోతకు వచ్చాను. మూడు నెలలు ఈ ఊళ్లో ఉంటాను. నా పేరు మా ఊరి బడిలో ఉంది.’ జనవరి నుంచి ఏప్రిల్ దాకా కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు, పల్నాడు మిర్చి చేలకు కుటుంబాలకు కుటుంబాలే రావడం ఇక్కడి పిల్లలకు కొత్త విషయం కాదు. వాళ్లు గీసిన కెమెరా ఈ అబ్బాయిని చూసి ఏం చేస్తుంది? గుర్తుపట్టదు. లెక్కలో లేనివాడికి భోజనం ఎలా? గుడ్డు ఎవరి ఖాతాలో?

రెండో కార్డు: ‘నేను వంట చేసే ఆయమ్మను. పొద్దున ఎంతమంది వచ్చారో చెబితేనే బియ్యం పోస్తాను.’ నెట్‌వర్క్ రాకపోతే ఈమె ఎదురుచూడాలా?

మూడో కార్డు: ‘నేను టీచర్‌ను. యాప్ నా సొంత ఫోన్‌లో వేసుకోమన్నారు.’ ఇది నిజంగా జరిగింది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు హాజరు తెచ్చినప్పుడు సంఘాలు లేవనెత్తిన మొదటి అభ్యంతరాల్లో సొంత ఫోన్ విషయం ఒకటి. సిగ్నల్ లేని ఊళ్ల సంగతి ఇంకొకటి.

నాలుగో కార్డు నాకు నచ్చింది: ‘నేను ఈ రోజు బడి ఎగ్గొట్టాను. ఎందుకో నాన్నకు తెలియడం నాకు ఇష్టం లేదు.’ తరగతి గది నవ్వుతుంది. నవ్వు ఆగాక అసలు చర్చ మొదలవుతుంది. ఎందుకు ఎగ్గొట్టింది? నెలసరి వల్ల అయితే? ఇంట్లో గొడవ వల్ల అయితే? మెసేజ్ ఎవరికి వెళ్లాలి, ఎవరికి వెళ్లకూడదు?

మిగతా పీరియడ్ అంతా డిజైన్ మార్చడమే. మార్చిన ప్రతిసారీ ఒక నిబంధన రాయాలి. ‘కెమెరా గుర్తుపట్టకపోతే టీచర్ చేత్తో రాసిందే చెల్లుతుంది.’ ‘ఫొటోలు ఏడాది చివర తీసేయాలి.’ ‘హాజరుకూ భోజనానికీ సంబంధం పెట్టకూడదు.’ ఇలా నాలుగైదు వాక్యాలు కూడితే అదే పాలసీ. పిల్లలు దాన్ని చదవలేదు, రాశారు.

ఒక జాగ్రత్త. కార్డులను టీచర్ ఊరి సంగతులతో తయారు చేయాలి. బయటి నుంచి తెచ్చిన కార్డుల్లో స్కూల్ బస్సు, లాకర్, ఐప్యాడ్ ఉంటాయి. వాటితో ఆడితే ఆట బాగుంటుంది, కానీ పిల్లలకు తమ బడి కనిపించదు.

అదే యంత్రం, రెండు ఫలితాలు

‘ఇదంతా పిల్లల ఆట. అసలు నిబంధన ఎలా ఉంటే ఏంటి, యంత్రం మంచిదైతే చాలదా?’ అని అడగొచ్చు. దీనికి మన రాష్ట్రం నుంచే ఒక జవాబు ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్ల చెల్లింపుకు వేలిముద్రతో నడిచే స్మార్ట్‌కార్డులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో దాని ప్రభావాన్ని కొలిచారు. ఆ అధ్యయనం జరిగిన జిల్లాల్లో నల్గొండ ఒకటి, అంటే నడికుడి నుంచి కృష్ణ దాటితే వచ్చే జిల్లా. ఉపాధి కూలీ డబ్బు తొందరగా అందింది, మధ్యలో కాజేయడం తగ్గింది, పథకం అందడంలో కొత్త ఇబ్బంది రాలేదు అని 2016లో ప్రచురించారు. అయితే రెండేళ్ల తర్వాత కూడా చెల్లింపుల్లో దాదాపు సగమే కొత్త పద్ధతికి మారాయి. కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో డబ్బు అందుతూనే ఉంది.

ఇదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేయడాన్ని పరిశీలించారు. అక్కడ ముందుగా ఆధార్ నమోదు చేసుకోని కుటుంబాలకు అందేది సుమారు 10 శాతం తగ్గింది. తర్వాత యంత్రంలో నమోదైన లెక్కల ప్రకారం డీలర్లకు సరుకు తగ్గించినప్పుడు దుర్వినియోగం బాగా తగ్గింది, కానీ దాంతో పాటు జనానికి అందేది కూడా తగ్గింది.

రెండు చోట్లా వేలిముద్రే. ఒకచోట యంత్రం ఒప్పుకోకపోయినా మనిషికి ఇంకో దారి మిగిలింది. ఇంకోచోట ఆ దారి మూసేశారు. తొమ్మిదో తరగతి చార్ట్ పేపర్ మీద ‘టీచర్ చేత్తో రాసిందే చెల్లుతుంది’ అన్న వాక్యం ఉంది చూశారా, ఈ రెండు ఫలితాల మధ్య తేడా అలాంటి వాక్యమే.

ఆ సంతకం దేనికి?

అపార్ సంగతికి వద్దాం. ఇది విద్యార్థి చదువు రికార్డులన్నీ ఒకేచోట ఉంచే 12 అంకెల గుర్తింపు. ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. పిల్లలు మైనర్లు కాబట్టి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇది స్వచ్ఛందమేనని కేంద్రం చెబుతోంది. సమ్మతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా. చాలామంది తల్లిదండ్రులు బడి నుంచి వచ్చిన కాగితం మీద సంతకం పెట్టి పంపారు, చదివి పెట్టారా అన్నది వేరే సంగతి.

పిల్లలకు ఇది రెండో యాక్టివిటీ: ఒక సమ్మతి పత్రాన్ని ఇచ్చి, ‘మీ అమ్మ రెండు నిమిషాల్లో చదివి అర్థం చేసుకునేలా ఒక్క పేజీలో తెలుగులో తిరిగి రాయండి’ అనడం. ఏం తీసుకుంటున్నారు, ఎందుకు, ఎవరికి ఇస్తారు, వద్దంటే ఏమవుతుంది. చివరి ప్రశ్న దగ్గర పిల్లలు ఆగిపోతారు. అసలు పత్రంలో ఆ జవాబు దొరక్కపోతే అదే వాళ్లు కనిపెట్టిన విషయం.

ఇది చేతిరాత సాధన కాదు. దీనికి చట్టం ఉంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగేటప్పుడు ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది. అదే చట్టం 9వ సెక్షన్ 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అది నిజంగా వాళ్లే ఇచ్చారని తేల్చుకోవాలి. పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించడం కుదరదు. ఉల్లంఘిస్తే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు.

ఇందులో మెలికలు లేకపోలేదు. చదువు అవసరాల కోసం, పిల్లల భద్రత కోసం విద్యాసంస్థలకు నిబంధనల్లో కొంత మినహాయింపు ఇచ్చారు. ప్రభుత్వం సబ్సిడీలు, సర్టిఫికెట్ల లాంటివి ఇచ్చేటప్పుడు కొన్ని సందర్భాల్లో కొత్తగా సమ్మతి అడగక్కర్లేదు. హాజరు కోసం కెమెరా పెట్టడం ‘చదువు అవసరం’ కిందికి వస్తుందా అన్నది మంచి చర్చ. పదో తరగతి పిల్లలు దీని మీద ఒక గంట సులువుగా వాదించుకోగలరు.

వాదనకు పనికొచ్చే ఒక నిజ సంఘటన స్వీడన్‌లో ఉంది. షెలెఫ్టియో అనే ఊళ్లో ఒక హైస్కూల్ 22 మంది విద్యార్థులకు కెమెరాతో హాజరు వేసి చూసింది. సమ్మతి తీసుకునే చేశామని చెప్పింది. 2019 ఆగస్టులో అక్కడి డేటా పరిరక్షణ సంస్థ ఆ ఊరి పాలకమండలికి 2 లక్షల క్రోనార్ల జరిమానా వేసింది. బడికీ విద్యార్థికీ మధ్య ఉన్న బలాబలాల తేడా వల్ల ఆ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చింది కాదు, పైగా హాజరు వేయడానికి ఇంత చొరబడని దారులు వేరే ఉన్నాయి అన్నది దాని వాదన. మన దగ్గర సుప్రీంకోర్టు కూడా 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన ఆధార్ తీర్పులో బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని చెప్పింది.

పిల్లలు శాసనసభ్యులైన రోజు

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పాఠానికి దగ్గరగా వచ్చిన ఘటన 2025 నవంబరు 26న జరిగింది. రాజ్యాంగ దినోత్సవం రోజు అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ పెట్టారు. నియోజకవర్గానికి ఒకరు చొప్పున 175 మంది. గురజాలకూ ఒక సీటు, మాచర్లకూ ఒక సీటు. చర్చకు వచ్చిన అంశాల్లో పిల్లల సోషల్ మీడియా వాడకం మీద నియంత్రణ ఒకటి.

ఆ ప్రశ్న మాక్ అసెంబ్లీతో ఆగలేదు. 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా ఆస్ట్రేలియా చేసిన చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. దాన్ని పరిశీలిస్తున్నామని 2026 జనవరిలో మంత్రి నారా లోకేశ్ దావోస్‌లో చెప్పారు. అంటే పిల్లలు ఆడిన ఆట రెండు నెలల్లో పెద్దల బల్ల మీదికి చేరింది.

ఇలాంటి సభల్లో పిల్లలు చక్కగా మాట్లాడతారు. అయితే ‘నిషేధించాలా, వద్దా’ అన్న చర్చ నినాదాల దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. డిజైన్ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ‘సరే, నిషేధించారు. ఇప్పుడు 16 నిండాయో లేదో చూసే స్క్రీన్ గీయండి’ అంటే సంగతి బయటపడుతుంది. ఆధార్ అడగాలా? అప్పుడు ఆ కంపెనీకి పిల్లల ఆధార్ చేరుతుంది. ముఖం చూసి వయసు అంచనా వేయాలా? 15 ఏళ్ల పొడగరి కుర్రాడు దాటేస్తాడు, 19 ఏళ్ల సన్నటి అమ్మాయి ఆగిపోతుంది. ఇంట్లో నలుగురికీ ఒకే ఫోన్ ఉంటే ఆ ఫోన్‌లో ఉన్న ఖాతా ఎవరిది? నిషేధం సరైనదే అనుకున్న పిల్ల కూడా ఈ స్క్రీన్ గీస్తున్నప్పుడు పెన్ను ఆపి ఆలోచిస్తుంది.

బ్రిటన్ వేరే దారి పట్టింది. వయసుకు తగిన డిజైన్ నియమావళి అని 15 ప్రమాణాలు పెట్టింది. 2020 సెప్టెంబరులో అమల్లోకి తెచ్చి, కంపెనీలకు సర్దుకోవడానికి ఏడాది ఇచ్చింది. పిల్లలను బయటికి పంపడం బదులు యాప్‌ను పిల్లలకు తగ్గట్టు మార్చమంది. లొకేషన్ మొదటి నుంచీ ఆఫ్‌లో ఉండాలి, అవసరానికి మించి డేటా తీసుకోకూడదు వంటివి అందులో ఉన్నాయి. రెండు దారులనూ పక్కపక్కన గీయించడం మంచి పాఠం.

ల్యాబులు ఉన్నాయి కదా?

ఉన్నాయి. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో 10 వేల బడుల్లో ఉన్నాయి. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు. అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో ఇంకో 50 వేలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇన్‌స్పైర్ మానక్ పోటీలో ఎంపికైన ఆలోచనకు 10 వేల రూపాయలు ఇస్తారు. తెలంగాణలో యునిసెఫ్, ఇంక్విల్యాబ్ ఫౌండేషన్‌తో కలిసి స్కూల్ ఇన్నోవేషన్ చాలెంజ్ నడిపారు.

ఇవన్నీ మంచివే. కానీ ఏ సైన్స్ ఫెయిర్‌కు వెళ్లినా ఒక స్మార్ట్ డస్ట్‌బిన్ కచ్చితంగా కనిపిస్తుంది. చెయ్యి చూపితే మూత తెరుచుకుంటుంది, న్యాయనిర్ణేతలు మెచ్చుకుంటారు. బ్యాటరీ అయిపోతే ఎవరు మార్చాలి, చెత్త ఎత్తే మనిషి పని తేలికైందా కష్టమైందా అని అడిగే న్యాయనిర్ణేత అరుదు. ఆ రెండు ప్రశ్నలకు మార్కులు పెడితే చాలు, అదే ల్యాబులో పాలసీ పాఠం కూడా జరుగుతుంది. కొత్త ఖర్చేమీ లేదు.

పక్కనే ఉన్న కేరళ పాఠ్యపుస్తకాల్లోకే వెళ్లింది. 2024లో అక్కడి ఏడో తరగతి ఐసీటీ పుస్తకంలో ఏఐ పాఠం పెట్టారు. తప్పుడు వార్తలను గుర్తుపట్టడం కూడా బడి పాఠంలో భాగమైంది. దేశవ్యాప్తంగా మూడో తరగతి నుంచే ఏఐ, కంప్యుటేషనల్ థింకింగ్ తెస్తామని, 2026-27 నుంచి మొదలుపెడతామని కేంద్ర విద్యాశాఖ చెప్పింది. ఏఐని ఎలా వాడాలి అన్నదే పాఠం అవుతుందా, దాన్ని ఎక్కడ వాడకూడదు అన్నది కూడా ఉంటుందా అన్నది ఆ పుస్తకాలు రాసేవాళ్ల చేతిలో ఉంది.

టీచర్‌కు టైమ్ ఎక్కడుంది?

అసలు అడ్డంకి ఇదే. పదో తరగతి ఫలితాల ఒత్తిడి ఉన్న బడిలో మార్కులు లేని పాఠానికి పీరియడ్ దొరకదు. పైగా రోజూ రెండు మూడు యాప్‌లలో వివరాలు ఎక్కించే టీచర్‌కే ‘టెక్నాలజీ పాలసీ చెప్పండి’ అని ఇంకో పని అప్పగిస్తే ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహించొచ్చు. నిజానికి ఆ టీచర్ కన్నా ఈ విషయం బాగా తెలిసినవాళ్లు లేరు.

చోటు వెతికితే దొరుకుతుంది. శనివారాలు ఉన్నాయి. జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతులకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపమంది. సాంఘిక శాస్త్రంలో ప్రాథమిక హక్కుల పాఠం ఉంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ పాఠం చెప్పేటప్పుడే హాజరు యాక్టివిటీ పెట్టుకోవచ్చు. తెలుగు పీరియడ్‌లో సమ్మతి పత్రం తిరిగి రాయించొచ్చు. లేఖా రచన కన్నా అది పనికొచ్చే పనే.

ఇంట్లో మీరూ ఒకటి చేయొచ్చు. ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’ 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది. నంబర్ 95523 00009. ఏదో ఒక సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ప్రతి స్క్రీన్‌నూ కాగితం మీద గీయమనండి. ఏ స్క్రీన్ దగ్గర అమ్మమ్మ ఆగిపోతుందో గుర్తు పెట్టమనండి. మీసేవ కేంద్రానికి వెళ్తే ఎన్ని రూపాయలు, ఎన్ని గంటలు పట్టేవో పక్కన రాయమనండి. వాట్సాప్ గెలిచే చోట్లు చాలానే ఉంటాయి. ఓడిపోయే చోట్లు రెండు మూడు ఉంటాయి.

గీసినవి ఎక్కడ చూపించాలి? 2024 డిసెంబరు 7 నుంచి రాష్ట్రంలో మెగా పేరెంట్-టీచర్ మీటింగులు జరుగుతున్నాయి. అక్కడికి మార్కుల కార్డుతో పాటు ఈ చార్టులూ తీసుకెళ్లొచ్చు. ‘మిర్చి కోత పిల్లల హాజరు’ అన్న చార్టు గోడ మీద ఉంటే దాని గురించి మాట్లాడకుండా సమావేశం ముగియడం కష్టం. ఇంకా పై స్థాయిలో కూడా తలుపు ఉంది. డేటా చట్టం ముసాయిదా నిబంధనలను కేంద్రం 2025 జనవరి 3న బయటపెట్టి, మైగవ్ పోర్టల్‌లో ఎవరైనా అభిప్రాయం చెప్పొచ్చని అడిగింది. గడువును మార్చి 5 దాకా పొడిగించింది. పిల్లల సమ్మతి గురించిన నిబంధన కూడా అందులో ఉంది. ఒక తరగతి కలిసి ఒక పేజీ రాసి పంపడానికి రెండు నెలలు సరిపోతాయి.

ఆ నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. పిల్లల డేటాకు సంబంధించిన ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. 2025-26లో ఎనిమిదో తరగతి చదివిన పిల్లలకు అప్పటికి 14, 15 ఏళ్లు ఉంటాయి. వాళ్ల పేరు మీద వచ్చే ప్రతి సమ్మతి పత్రం ఇంకో మూడు నాలుగేళ్ల పాటు మీ సంతకం కోసమే వస్తుంది.